జపాను డబ్బాకు కొత్త బియ్యం

వంటలు చెప్పేవాళ్ళందరి మీదా నాది ఒకటే ఫిర్యాదు. ఉప్పు తగినంత అంటారు. నూనె సరిపడా అంటారు. మంట మీద కాసేపు ఉంచండి అంటారు. యూనివర్సిటీలో కొత్త గది కట్టడానికి నేను లెక్క వేసి, ఇటుకలు సరిపడా, సిమెంటు తగినంత అని రాసిస్తే ఆ గదిలో ఎవరైనా కూర్చుంటారా?

నా పని అదే. యూనివర్సిటీ కట్టడాల విభాగంలో గోడకీ, నేలకీ, కప్పుకీ ఏ సామాను ఎంత పడుతుందో తేలుస్తాను. ఇంజనీరింగు చదవలేదు. ఇంటర్ తప్పి, అనంతపురం వైపు నుంచి వచ్చి, మేస్త్రీల వెనక టేపు పట్టుకుని తిరుగుతూ నా అంతట నేను నేర్చుకున్న లెక్క. ఇన్నేళ్ళలో సామాను మిగిలిందనో చాలలేదనో నన్ను పిలిచి అడిగిన సందర్భాలు తక్కువ. అటువంటివాణ్ణి ఒక చిన్న టిఫిను డబ్బా ముందు ఓడిపోయాను. ఆ సంగతే ఇది.

మా అమ్మాయి అదే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. చలికాలం మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం వాళ్ళ డిపార్టుమెంటు మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. తార్నాకలో మాకు తెలిసిన డాక్టరమ్మకి చూపిస్తే రక్తం బాగా తక్కువగా ఉందని మాత్రలు రాసింది. "మధ్యాహ్నం కడుపు నిండా తినాలి, తిన్నాకే మాత్ర. ఖాళీ కడుపు మీద వేసుకుంటే వికారం పెడుతుంది" అని గట్టిగా చెప్పింది. పిల్ల తల ఊపింది. పది రోజుల తర్వాత చూస్తే మాత్రల అట్టలో సగానికి సగం అలాగే ఉన్నాయి.

"తినకుండ మాత్ర ఎట్ల వేసుకోవాలె నాన్నా? కక్కొస్తది."

"ఎందుకు తినవు? డబ్బా పెడుతున్నాం కదా?"

"పప్పన్నం పన్నెండింటికి సిమెంట్ లెక్క అయితది."

నా వృత్తిని ఆమె అలా వాడుకోవడం నాకు నచ్చలేదు. ఏం పెడితే తింటావో చెప్పమన్నాను. ఫోన్ తీసి చూపించింది. జపాన్ వాళ్ళు మధ్యాహ్నానికి కట్టుకెళ్ళే డబ్బా. బెంటో అంటారట. నలుచదరం డబ్బాలో అరలు. ఒక అరలో మూడు మూలల అన్నం ముద్దలు, ఒక అరలో చాపలాగా చుట్టి ముక్కలు కోసిన గుడ్డు అట్టు, ఇంకో అరలో ఆకుకూర మీద నువ్వులు, పక్కన నాలుగు క్యారెట్ ముక్కలు పువ్వుల్లా కోసి. ఏదీ దేన్నీ తాకడం లేదు. నాకు బాగానే నచ్చింది. కొలతలు ఉన్న వస్తువులా కనిపించింది.

"ఇట్ల పెడితే తింటా" అంది.

నా భార్య గోల్నాక మనిషి. మెట్టుగూడలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ నెల ఆమెకి పొద్దుటి షిఫ్టు, మేం లేచేసరికే వెళ్ళిపోతుంది. ఆ ఫోటో ఒక్కసారి చూసి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"మస్తుగున్నది. మీ బిడ్డ, మీ డబ్బా. క్యారెట్ల పువ్వులు కోసే టైము నాకు లేదు."

అలా వంట నాకు వచ్చింది. వచ్చింది అంటే నా మీదికి వచ్చింది.

ముందు ఎలా చేయాలో వెతికాను. ఎన్ని వీడియోలో! ఒకావిడ చెక్క గరిటె పట్టుకుని చిరునవ్వుతో ఒక కప్పు బియ్యానికి ఒక కప్పు, ఇంకొంచెం నీళ్ళు అంటుంది. ఆ ఇంకొంచెం ఎంతో చెప్పదు. పోనీ కప్పు ఎంత? జపాన్ కప్పు వేరట, అమెరికా కప్పు వేరట. మా ఇంట్లో కప్పులు ఆరు, అందులో రెండు ఒకలాంటివి లేవు. చివరికి ఆఫీసులో పక్క సీటాయన దగ్గర గీతలున్న ప్లాస్టిక్ జగ్గు అడిగి తెచ్చుకున్నాను. దాంతో ఏం చేస్తావని అడిగాడు. అన్నం వండుతానంటే అనుమానంగా చూశాడు.

ముద్ద చుట్టూ నల్లని పట్టీ ఒకటి ఉంటుంది, సముద్రపు నాచు ఎండబెట్టి చేసింది. తార్నాకలో మేం సరుకులు తెచ్చుకునే దుకాణంలో అడిగాను.

"నాచా? పాకురా సార్?"

"సముద్రంలోది. తింటారు."

"హైదరాబాద్ల సముద్రం యాడున్నది సార్? ట్యాంక్ క్లీన్ చేయిస్తే మా బిల్డింగ్ మీద పాకురు మస్తు దొరుకుతది, ఫ్రీ." వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. పావుకిలో నువ్వులు కొనుక్కుని వచ్చేశాను.

నాచు లేకపోయినా నడుస్తుంది. ముద్దయ్యే బియ్యం లేకపోతే నడవదు. మేం తినేది ఏడాది దాటిన పాత సోనా మసూరి. గింజ గింజ విడివిడిగా నిలబడుతుంది, దానికే మా ఇంట్లో గర్వం. ఆ అన్నంతో ముద్ద కట్టడమంటే ఎండిన ఇసుకతో గోడ కట్టడమే. చేతిలో ఉన్నంతసేపు ముద్ద, డబ్బాలో పెట్టగానే కుప్ప. నీళ్ళు పెంచాను. లోపల పలుకు పోలేదు, పైన జావ అయింది. నానబెట్టాను. మెత్తబడింది, అంటుకోలేదు. మూత తీయకుండా ఉంచితే అడుగు మాడింది. మూడు రోజులు పొద్దున్నే నేను పాడుచేసిన అన్నం సాయంత్రం నా భార్య పోపు వేసి మా ముందే పెట్టింది.

నాలుగో రోజు పెద్ద దుకాణానికి వెళ్ళి జపాన్ బియ్యం పొట్లం చేతిలోకి తీసుకున్నాను. ధర చూసి, ఎవరూ గమనించకుండా ఉన్నచోటే పెట్టేశాను. ఇంటికొచ్చి ఆ విషయం చెబుతుంటే నా భార్య కూరగాయలు తరగడం ఆపింది.

"అంటుకునే బియ్యమా? అంటుకునే బియ్యం కోసమా మీరు తిరుగుతున్నది?"

"అవును."

"మా అన్న పంపిన బస్తా మంచం కింద ఏమున్నది?"

వాళ్ళ అన్నకి పొలం ఉంది. కోతలు కాగానే ఒక బస్తా పంపుతాడు. కొత్త బియ్యం వెంటనే వండితే ముద్దయిపోతుందని, ఎవరైనా భోజనానికి వస్తే పరువు పోతుందని, పాతబడటానికి దాన్ని మంచం కింద పెడతాం. అన్నం అంటుకోకూడదన్నదే ప్రతి ఇంట్లో పట్టుదల. అంటుకునే బస్తా మీద పడుకుని నేను అంటుకునే బియ్యం కోసం ఫోన్లో వెతుకుతున్నాను.

"ముందే చెప్పొచ్చు కదా!"

"మీరు జపాన్ అన్నరు గాని ముద్ద అన్లేదు గద!"

మర్నాడు కొత్త బియ్యానికి నీళ్ళు తగ్గించి వండాను. ముద్ద నిలబడింది. తడి చేత్తో మూడు మూలలు నొక్కితే అలాగే ఉంది. మధ్యలో జపాన్ వాళ్ళు ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు పెడతారట. నేను చింతకాయ పచ్చడి పెట్టాను, గోళీ అంత. నాచుకు బదులు వేయించి దంచిన నువ్వుల్లో ముద్దని దొర్లించాను. తోటకూర ఉడికించి, నీళ్ళు పిండేసి, పల్లీల పొడి కలిపి గుండ్రంగా నొక్కాను. గుడ్డు అట్టు చుట్టడం మాత్రం వారం పట్టింది. పల్చగా పోసి, సగం కాలగానే మడిచి, పక్కకి జరిపి, మళ్ళీ పోయాలి. మొదటి రోజులవి చూసి అమ్మాయి ఇది చాపనా, నేల తుడిచే గుడ్డనా అని అడిగింది. అన్నీ పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి, లేకపోతే మూతకి చెమట పట్టి లోపల పాచిపోతుంది. ఈ ఒక్క మాట మాత్రం వీడియోలవాళ్ళు స్పష్టంగా చెప్పారు. నేను వంటింట్లో ఫ్యాన్ కింద డబ్బా పెట్టుకుని, కాపలా కూర్చుని, ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి.

కానీ డబ్బా ఖాళీగా వచ్చేది. ఒక్క నువ్వు గింజ లేకుండా. మాత్రలూ అయిపోతున్నాయి. నా భార్యకి ఆ ఖాళీ డబ్బా రోజూ ఎత్తి చూపించేవాణ్ణి.

నెలన్నరకి మళ్ళీ రక్తం పరీక్ష చేయించాం. అంకె కదల్లేదు.

డాక్టరమ్మ కళ్ళజోడు మీదుగా పిల్లని చూసింది. "మధ్యాహ్నం తింటున్నావా?"

"తింటున్న మేడం."

"మాత్రలు?"

"అప్పుడప్పుడు... అట్టలకెల్లి తీసి పక్కన పెట్టేసిన. వికారం వస్తుంటే."

నాకు తల తిరిగింది. తింటే వికారం ఎందుకు వస్తుంది? సామాను గోదాములోంచి రోజూ వెళుతోంది, గోడ మాత్రం లేవడం లేదు. మా పనిలో దానికి ఒక్కటే అర్థం. సామాను ఇంకెక్కడికో పోతోంది.

మర్నాడు భోజనం వేళకి ఆఫీసులోంచి లేచి వాళ్ళ డిపార్టుమెంటు వైపు నడిచాను. క్యాంపస్‌లో నేను టేపు పట్టుకుని ఎక్కడ తిరిగినా ఎవరూ అడగరు. వెనక మెట్ల మీద ఆరుగురు గుండ్రంగా కూర్చున్నారు, మా అమ్మాయితో కలిపి. నడుమ న్యూస్ పేపరు. దాని మీద మూతలు తీసిన డబ్బాలన్నీ. నా బెంటో సరిగ్గా మధ్యలో ఉంది. నేను చూస్తుండగానే నాలుగు వైపుల నుంచి నాలుగు చేతులు వచ్చాయి. గుడ్డు చాప పోయింది. ముద్దలు పోయాయి. మా అమ్మాయి తినడం చిన్నప్పటి నుంచీ నెమ్మది. మొదటి ముక్క నమిలి మింగి మళ్ళీ చెయ్యి చాపేసరికి అరలు తెల్లగా మెరుస్తున్నాయి. చివరికి తను పక్కమ్మాయి హాస్టల్ డబ్బాలోంచి చల్లారిన నిమ్మకాయ పులిహోర రెండు వేళ్ళతో తీసుకుని ముగించింది.

నన్ను ముందు చూసింది సిద్దిపేట వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల.

"ఏయ్, మీ నాన్నా? అంకుల్! బెంటో అంకుల్ మీరేనా? దా అంకుల్, కూసో."

"అంకుల్, ఎగ్ రోల్ జర ఎక్కువ పెట్టరాదు? నాకు రోజు దొరుకుతలేదు" అన్నాడు ఒక పొడుగు కుర్రాడు, నోట్లో ముద్దతోనే. "చింతకాయ మాత్రం సూపర్ అంకుల్."

నేను మా అమ్మాయి మొహం చూశాను. ఆమె న్యూస్ పేపరు చూస్తోంది.

సాయంత్రం ఇంట్లో అడిగేశాను.

"అంత పొద్దున లేచి నేను చేసేది ఎవరి కోసం?"

"డబ్బా నడుమ పెట్టకుండ నేనొక్కదాన్నే తింటే ఏమనుకుంటరు నాన్నా? వాళ్ళు హాస్టల్ మెస్ తిని తిని సచ్చిపోతున్నరు."

"నువ్వు మెట్ల మీద పడిపోయినావు. అది మర్చినావా?"

"మర్చిపోలే. అందుకే బెంటో అడిగిన." గొంతు కొంచెం పైకి లేచింది. "పప్పన్నమైతే ఎవరు ఎంత తీస్తున్నరో తెల్వదు. ముక్కలుగ ఉంటే మనిషికొకటే తీస్తరు, నాకు నాలుగన్నా మిగుల్తయి అనుకున్న. ముక్కలైతే ఇంకా జల్దీ పోతున్నయి."

అంటే పప్పన్నం సిమెంటు అవడం సాకు. ఆమె కూడా లెక్క వేసింది. తండ్రిలాగే వేసింది, తండ్రిలాగే తప్పింది.

నా భార్య నవ్వుతోంది. "మూత తీయంగనే అన్నిట్ల ఒక్కొక్క కొరుకు కొరుకు. ఎంగిలైతే ఎవరు ముడతరు?"

"నీకు నవ్వులాట!" అన్నాను. "మా పక్క ఎవరి కంచం వాళ్ళది."

"అవ్, మీ సీమోళ్ళు కంచానికి గోడ కట్టుకొని తింటరు. మా తాన మూత తీస్తే నడుమ పెట్టుడే."

పిల్ల ఆ ఎంగిలి మాట వెళ్ళి స్నేహితులకే చెప్పి నవ్వించింది. మర్నాడు సిద్దిపేట అమ్మాయి ముద్ద సగం కొరికి, మిగతా సగం మా అమ్మాయి నోట్లో పెట్టి, "హాస్టల్ల ఎంగిలేంది? ఇగో, ఇప్పుడు ఇద్దరం సమానం" అందట. ఉపాయం అంతటితో ఆఖరు.

తర్వాత రెండు అంతస్తుల డబ్బా తెచ్చాను. పైది అందరికీ, కిందది నీకు అని చెప్పాను. రెండూ నడుమకే వెళ్ళాయి. నేను ముందే ఊహించాల్సింది. పై అంతస్తు ఖాళీ అయితే కింద ఏముందని ఎవరైనా అడుగుతారు.

ఇక మిగిలింది ఆరుగురికీ చేయడం. కోపంతోనే మొదలుపెట్టాను. ఒక మనిషికి ఇంత అని లెక్క ఉంది కాబట్టి ఆరుతో హెచ్చించడమే కదా అనుకున్నాను. సామానుకైతే హెచ్చవేత పని చేస్తుంది. పొయ్యి హెచ్చదు, చేతులు హెచ్చవు, ఫ్యాన్ కింద స్థలం హెచ్చదు. తెల్లవారుజామున అట్టు మీద అట్టు చుడుతూ, రెండో విడత అన్నం ఆరక, మొదటి విడత ఎండిపోయి, నేను తిట్టుకున్న తిట్లు రాయలేను. షిఫ్టుకి బయల్దేరుతూ నా భార్య గడపలో ఆగి చూసింది.

"క్యాటరింగ్ బోర్డు రాయించుమంటరా?"

ఆ వారం ఆఖరికి నా నడుం పట్టేసింది. మా అమ్మాయికి మాత్రం ఇంకో అర ముద్ద ఎక్కువ అందింది. డబ్బా పెద్దదైతే చేతులూ పెద్దవవుతాయని తెలిసింది.

సోమవారం ఖాళీ చేతులతో ఆ మెట్ల దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు డబ్బాలు తీస్తున్నారు.

"ఏది అంకుల్ బెంటో?"

"లేదు. ఈరోజు నుంచి నేను ఒక్కటే చేస్తా. గుడ్డు. ఆరు ముక్కలు, లెక్కగా ఆరు. మీరూ తలా ఒకటి చేసుకొని రావల్ల, ఆరు ముక్కలు. నడుమ ఏమీ పెట్టకూడదు. ఎవరి మూత వాళ్ళ ముందర బోర్లించకుండా పెట్టుకోండి. తెచ్చినవాళ్ళే లేచి ఒక్కొక్క మూతలో ఒక్కటి వేయల్ల."

"మిలిటరీ మెస్ లెక్కనే ఉన్నది గదా అంకుల్" అన్నాడు పొడుగు కుర్రాడు.

"హాస్టల్ల మేమేం వండుతం?" అంది సిద్దిపేట పిల్ల.

చెప్పాలని అనుకోలేదు. మా అమ్మాయి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. నా నోట్లోంచి వచ్చేసింది. "ఈ పిల్లకి రక్తం లేదమ్మా. మధ్యాహ్నం తింటేనే మాత్ర పడుతుంది. రోజూ మీతో కూర్చుని పస్తుంటోంది."

సిద్దిపేట పిల్ల మా అమ్మాయి వీపు మీద ఒక్కటి చరిచింది. "నోరు లేదానే నీకు? అడిగి గుంజుకొని తినాలె గాని! పిచ్చిదాన!"

మా అమ్మాయి ఇంటికొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పరువు తీశానట.

కానీ పద్ధతి మొదలైంది. అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉండే ఆ పొడుగు కుర్రాడికీ ఇంకొకడికీ కరెంటు కుక్కర్ ఉంది, అన్నం ముద్దలు వాళ్ళవి. ఇంటి నుంచి వచ్చే ఇంకో అమ్మాయిది తోటకూర నువ్వులు. సిద్దిపేట పిల్ల మెస్‌లో ఉడికించిన శనగలో, పల్లీలో అడుక్కుని తెస్తుంది, క్యారెట్ పచ్చిదే కోస్తుంది. పువ్వుల్లా కాదు, గొడ్డలితో కొట్టినట్టు. ఇంకో అబ్బాయి ఏమీ చేయలేక అరటిపళ్ళు తెస్తాడు. ఆరు మూతల్లో ఆరు రకాలు. నేనొకసారి వెళ్ళి చూశాను. జపాన్ వాళ్ళు చూస్తే ఒప్పుకోరు గానీ, ప్రతి మూతా బెంటోనే. మా అమ్మాయి మూత ఆమెదే. ఎంత నెమ్మదిగా నమిలినా అందులోకి చెయ్యి రాదు. వస్తే సిద్దిపేట పిల్ల ఆ చేతి మీద కొడుతుంది. తిన్నాక మాత్ర తీసి ఇచ్చేదీ ఆ పిల్లే.

నా అవస్థ మాత్రం తీరలేదు. ఇప్పుడు పొద్దున్నే అడిక్‌మెట్ నుంచి ఫోన్లు.

"అంకుల్, ముద్ద నిలుస్తలేదు."

"ఏ బియ్యం?"

"దుకాణమాయన ఒట్టేసిండు అంకుల్, రెండేండ్ల పాతయట. ఒక్క గింజ అంటుకోదన్నడు."

"అంటుకునేవి కావల్లరా! కొత్తవి అడగండి!"

"అడిగినం. నా దుకాణం మీద కొత్త బియ్యమని ఎవరు చెప్పిండ్రని కొట్లాటకొచ్చిండు."

చివరికి మంచం కింద బస్తాలోంచే సగం వాళ్ళకి పోశాను. నా భార్య వాళ్ళ అన్నకి ఫోన్ చేసి, వచ్చే ఏడాది ఇంకో బస్తా ఎక్కువ పంపమని చెప్పింది, ఎందుకో చెప్పలేదు. ఆ కుర్రాళ్ళ గ్లాసు మా జగ్గుతో కలవదు, వాళ్ళ కుక్కర్ నా గిన్నెతో కలవదు. నీళ్ళెన్ని అని పొడుగు కుర్రాడు అడుగుతుంటే, నేను ఇక్కడ కూర్చుని ఏమని చెప్పాలి? వేలు పెట్టి చూడరా, బియ్యం మీద ఒక కణుపు రావల్ల అన్నాను. ఎవరి వేలు అంకుల్ అని అడిగాడు. నిజమే, వాడి వేలు పొడుగు.

నిన్న రాత్రి భోజనానికి ముగ్గురికీ లెక్కగా అన్నం వండాను. ఎప్పుడూ వండే కొలతే, ఒక మెతుకు మిగలదు, తగ్గదు. కంచాలు పెట్టాక అమ్మాయి గదిలోంచి అరిచింది.

"నాకొద్దు నాన్నా. మధ్యాహ్నం మస్తు తిన్న. ఇంకా ఆకలైతలేదు."

"కొంచెమన్నా తిను."

"కొంచెమంటే ఎంత?"

నా భార్య గిన్నెలో మిగిలిన అన్నం వైపు చూసి, నా వైపు చూసింది.

"ఇదంత ఎవరు తినాలె? ఈ నడుమ రోజు ఇట్లనే అయితున్నది. మీకు లెక్కలొస్తయంటరు, ముగ్గురికి అన్నం వండ చేతగాదు."

పొద్దున పోపు వేస్తానన్నాను. ఈరోజు సాయంత్రం బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి మళ్ళీ బియ్యం డబ్బాలో పోసేశాను. పిడికెడంటే ఎంతో నన్ను అడగొద్దు.